పందికొక్కు ఆస్ట్రేలియా ఎలా వెళ్ళింది?

ధాన్యం పురి ఉన్న ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఒక చప్పుడు బాగా గుర్తుంటుంది. రాత్రి ఇల్లు సద్దుమణిగాక పురి అడుగునుంచి గుర్రు గుర్రుమని వినిపిస్తుంది, పందిపిల్ల ఏదో దారి తప్పి ఇంట్లో దూరిందా అన్నట్టు. మా అమ్మమ్మ మంచం దిగకుండానే చేతికర్రతో నేలమీద రెండు దెబ్బలు వేసి, "కొక్కు వచ్చిందిరా, లాంతరు తెండి" అనేది. లాంతరు వెలుగులో మాకు దొరికేది దాని వీపు ఒక్కటే. నిక్కబొడుచుకున్న బిరుసు వెంట్రుకలు, బలిసిన ఒళ్ళు, ఎలుక అనడానికి నోరు రాని ఆకారం. తెల్లారి చూస్తే పురి పక్కన బుట్టెడు మట్టి తవ్విపోసి ఉండేది.

పందిలా గుర్రుమంటుంది, పందిలా తవ్వుతుంది, వెంట్రుకలూ పందివే. అందుకే మనవాళ్ళు పందికొక్కు అన్నారు. ఆ మాటే ఇంగ్లీషులో బాండికూట్ అయింది. ఇది మన అభిమానం కొద్దీ చెప్పుకునే మాట కాదు. పేరున్న ఇంగ్లీషు నిఘంటువులు ఆ పదం పక్కన మూలభాష 'తెలుగు' అని అచ్చువేశాయి. తెలుగునుంచి నేరుగా ఇంగ్లీషులోకి వెళ్ళి స్థిరపడిన మాటలు చాలా కొద్ది. వాటిలో ఇంత దూరం తిరిగింది మరొకటి లేదు.

ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాలు వెతకడం నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం. వెతికిన కొద్దీ ఒక సంగతి గట్టిపడుతూ వచ్చింది. మాటల్ని ఖండాలు దాటించింది పండితులు కాదు. మూటలు మోసినవాళ్ళు, ఓడలు నడిపినవాళ్ళు, రేవుల్లో సరుకు తూచినవాళ్ళు. వాళ్ళు మాటను చెవికి వినిపించినట్టు పట్టుకుని, నోటికి వచ్చినట్టు పలికారు. కాబట్టి ఒక మాట ఎక్కడ అరిగిందో, ఎక్కడ అతుకు పడిందో పట్టి చూస్తే అది ఎవరి చేతుల మీదుగా వెళ్ళిందో తెలిసిపోతుంది. అలా పట్టి చూసిన మాటల్లో తమతమ విధాన రికార్డుకెక్కదగ్గవి కొన్ని ఇవి.

ఎక్కువ జన్మలెత్తిన మాట

పందికొక్కు సంగతి పూర్తిచేద్దాం. తూర్పుతీరంలో దిగిన ఈస్టిండియా కంపెనీవాళ్ళకి గిడ్డంగుల్లో ధాన్యం తినే ఈ జంతువుతో రోజూ పేచీయే. (ఆ గిడ్డంగి కూడా ఊరికే ఉండలేదు. మలయ్ భాషలోని గుదాంగ్‌కి, దాన్నుంచి వచ్చిన ఇంగ్లీషు గోడౌన్‌కి అది దగ్గర చుట్టం.) వాళ్ళ నోట్లో మొదటి 'ప' కాస్తా 'బ' అయింది, చివరి 'కొక్కు' తోక తెగి 'కూట్' అయింది. జంతుశాస్త్రం వాళ్ళు దాన్ని లాటిన్ ముసుగులో పెట్టి బాండికోటా అనే ప్రజాతి పేరు చేశారు. పొలాల్లో తిరిగే చిన్నది బాండికోటా బెంగాలెన్సిస్, పెద్దది బాండికోటా ఇండికా. పేరు లాటిన్, లోపల కొక్కు మాత్రం మనదే.

తర్వాత జరిగింది మరీ వింత. ఆస్ట్రేలియాలో దిగిన ఇంగ్లీషువాళ్ళకి పొడుగుముక్కుతో నేల తవ్వే ఒక చిన్న జంతువు కనిపించింది. అది ఎలుక కాదు, ఎలుకకు చుట్టమూ కాదు. కంగారూలాగా పిల్లల్ని సంచిలో పెంచే జాతి. కానీ తవ్వే తీరు చూసి, ఇండియాలో విన్న పేరే దానికీ పెట్టేశారు. 1799 నాటికే జార్జ్ బాస్ అనే అన్వేషకుడు ఆ పేరు వాడాడు. ఆస్ట్రేలియాకీ టాస్మేనియాకీ మధ్యనున్న బాస్ జలసంధి ఆయన పేరు మీదుగా వచ్చిందే. ఆ సంచి జంతువుకి సొంత రికార్డు ఒకటుంది. దాని గర్భకాలం కొన్ని రకాల్లో పన్నెండున్నర రోజులు, క్షీరదాలన్నిటిలో అతి తక్కువ వాటిలో ఒకటి. సంచి మూతి వెనక్కి తిరిగి ఉంటుంది, తల్లి తవ్వుతుంటే మట్టి పిల్లల మీద పడకుండా.

ఆస్ట్రేలియా ఇంగ్లీషులో బాండికూట్ క్రియ కూడా అయింది. పైన ఆకు కదలకుండా, అడుగునుంచి బంగాళాదుంపలు మాత్రం తవ్వి ఎత్తుకుపోవడాన్ని 'బాండికూట్ చెయ్యడం' అంటారక్కడ. పురి పైన ఏమీ తెలియకుండా అడుగున ఖాళీ చేసే కొక్కు తెలిసిన మనకి ఈ అర్థం వివరించనక్కర్లేదు.

1996లో ప్లేస్టేషన్ మీద క్రాష్ బాండికూట్ అనే వీడియో గేమ్ వచ్చి లోకమంతా ఆడింది. 2018లో తిరువనంతపురంలో, మనుషులు మ్యాన్‌హోళ్ళలోకి దిగకుండా వాటిని శుభ్రం చెయ్యడానికి తయారైన యంత్రానికి బాండికూట్ అని పేరు పెట్టారు. మన ఇంటి అటకకింద పుట్టిన మాట ఎలుకగా, సంచి జంతువుగా, దొంగతనంగా, బొమ్మగా, చివరికి ఒక మనిషి ప్రాణం కాపాడే యంత్రంగా మారింది. ఈ ఆఖరి జన్మ నాకు అన్నిటికన్నా నచ్చింది.

తల తెగిన మాట

ఆరెంజ్ పండు పేరు మన నారింజ. ద్రావిడ భాషల్లో పుట్టి సంస్కృతంలో నారంగమై ఉంటుందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అక్కణ్ణుంచి దారి స్పష్టంగా ఉంది. పారసీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పానిష్‌లో నరంజా అని రాసి నరంహా అని పలుకుతారు. హంగరీవాళ్ళు ఇప్పటికీ నరంచ్ అంటారు. ఇంతవరకూ మొదటి 'న' క్షేమంగానే ఉంది. ఇటలీ, ఫ్రాన్సు చేరేసరికి పోయింది.

ఎలా పోయిందంటే, ఆ భాషల్లో ఏ వస్తువు పేరు ముందైనా 'ఒక' అన్న అర్థంలో ఉన్, ఉనా, యూన్ వంటి చిన్న మాట వస్తుంది. దాని చివర 'న' ఉంది, పండు పేరు మొదట్లోనూ 'న' ఉంది. వినేవాళ్ళకి రెండు 'న'లు ఒకటే అనిపించాయి. ఆ ఒక్కటీ ముందు మాటది అనుకున్నారు. పండు పేరు అరంచా అయి కూర్చుంది. ఫ్రెంచివాళ్ళ భాషలో బంగారాన్ని 'ఓర్' అంటారు. పండు రంగు చూసి ఆ 'ఓర్' కూడా వచ్చి అతుక్కుంది. అది ఒరెంజ్‌గా ఇంగ్లాండు చేరింది. ఇంగ్లీషులో సొంతంగా ఇలా తల తెగినవి ఇంకా ఉన్నాయి. ఏప్రన్ ఒకప్పుడు నేప్రన్, క్రికెట్ అంపైర్ ఒకప్పుడు నంపైర్ లాంటి మాట, ఆడర్ అనే పాము ఒకప్పుడు నాడర్. ఎదురు దొంగతనం నిక్‌నేమ్‌లో జరిగింది. అసలు మాట ఈక్‌నేమ్, అంటే అదనపు పేరు. ముందున్న 'ఆన్'లోంచి ఒక 'న' దూకి దీనికి తలయింది.

పండు రాకముందు ఇంగ్లీషువాళ్ళకి ఆ రంగుకి పేరు లేదు. పాత ఇంగ్లీషులో పసుపు, ఎరుపు రెండు మాటలూ కలిపి చెప్పుకునేవారు. రాబిన్ పిట్ట రొమ్ము అచ్చంగా నారింజ రంగే అయినా దాన్ని 'ఎర్రరొమ్ము' అని పిలవడానికి కారణం ఇదే. పిట్టకు పేరు పెట్టిననాటికి రంగుకు పేరు పుట్టలేదు. రంగు పేరుగా ఆరెంజ్ స్థిరపడింది 16వ శతాబ్దంలో.

దక్షిణ ఫ్రాన్సులో ఆరెంజ్ అనే ఊరుంది. దానికీ పండుకీ పుట్టుకలో సంబంధం లేదు. రోమన్ల కాలంలో దాని పేరు అరౌసియో. అరిగి అరిగి పండు పేరుతో కలిసిపోయింది. ఆ ఊరి సంస్థానం 1544లో, తర్వాత నెదర్లాండ్స్ నాయకుడైన విలియమ్‌కి వారసత్వంగా వచ్చింది. ఆ వంశం పేరు ఆరెంజ్ అయింది, వాళ్ళ రంగు నారింజ అయింది. ఇవాళ డచ్చి ఫుట్‌బాల్ జట్టు వేసుకునే చొక్కా రంగు వెనకున్నది, రెండు మాటలు ఒకేలా వినిపించడం ఒక్కటే.

ఆ డచ్చివాళ్ళు పండుని మాత్రం ఆరెంజ్ అనరు! సినాస్‌అప్పెల్ అంటారు, చైనా ఆపిల్ అని అర్థం. తియ్యనారింజ చైనానుంచి వచ్చిందని. మన అనంతపురం, కడప తోటల్లో బత్తాయిని ఏమంటారు? చీనీకాయ. ఎక్కడి ఆమ్‌స్టర్‌డామ్, ఎక్కడి రాయలసీమ, ఇద్దరూ ఒకే ఆలోచన చేశారు. కరీబియన్ సముద్రంలోని ప్యూర్టోరికోలో కూడా ఈ పండు పేరు చీనా. గ్రీకులు, తుర్కులు, అరబ్బులు మాత్రం దాన్ని తెచ్చిన పోర్చుగీసువాళ్ళ పేరుతో పోర్తొకాలి, పోర్తకాల్, బుర్తుకాల్ అంటారు. నారంజ్ అన్న మాటను యూరప్‌కి ఇచ్చిన అరబ్బులు తియ్యపండుకి పోర్చుగల్ పేరు పెట్టుకోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. కోస్తాలో అనే బత్తాయి కూడా బటావియా, అంటే నేటి జకార్తా, పేరునుంచే వచ్చిందంటారు.

ఒకే కడుపున పుట్టి ఒకరినొకరు ఎరగని జంట

సూపర్ బజారులో పక్కపక్క అరల్లో షుగర్, జాగరీ అని రాసి ఉంటాయి. ఒకటి పంచదార, ఒకటి బెల్లం. ఈ రెండు ఇంగ్లీషు మాటలూ అక్కచెల్లెళ్ళు.

తల్లి సంస్కృత శర్కర. దాని తొలి అర్థం గులకరాయి, ఇసుకపలుకు. చెరకురసం కాచి పలుకులు కట్టించాక, చూడ్డానికి ఇసుకలాగే ఉందని ఆ పేరు పెట్టారు. పెద్దమ్మాయి పడమటి దారి పట్టింది. పారసీకంలో షకర్, అరబ్బీలో సుక్కర్, ఫ్రెంచిలో సూక్ర్, ఇంగ్లీషులో షుగర్. గ్రీకులో సఖరాన్ అయిన కొమ్మ ఇంకా ముందే విడిపోయింది. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ప్రయోగశాలలో పంచదార కాని తీపి పదార్థం బయటపడ్డప్పుడు ఆ గ్రీకు మాట తీసుకుని శాకరిన్ అన్నారు. చిన్నమ్మాయి దక్షిణాదికి వచ్చింది. మలయాళంలో చక్కర అయింది, మన చక్కెరకి తోడు. కేరళ తీరంలో పోర్చుగీసువాళ్ళు ఆ మాట విని జాగరా అన్నారు, ఇంగ్లీషువాళ్ళు జాగరీ అన్నారు. ఒకరు ఎడారి దారిన, ఒకరు సముద్రం దారిన వెళ్ళి లండన్ కిరాణా కొట్లో కలుసుకున్నారు. అప్పటికి ఇద్దరి మొహాలూ గుర్తుపట్టలేనంత మారిపోయాయి.

కాండీ కూడా మనదేశం మాటే. ఖండం అంటే ముక్క. పారసీకంలో కంద్, అరబ్బీలో కందీ, ఫ్రెంచి మీదుగా కాండీ. మనం పిల్లల చేతిలో పెట్టే కలకండలో ఉన్నది కూడా ఆ ఖండమే. క్రీ.పూ. 325 ప్రాంతంలో అలెగ్జాండర్ నౌకాదళాధిపతి నియార్కస్, తేనెటీగలు లేకుండానే తేనె ఇచ్చే రెల్లు ఇండియాలో ఉందని అబ్బురపడ్డాడు. అలాంటి దేశంలో, హిందీవాళ్ళు పంచదారని చైనా పేరుతో చీనీ అని, పటికబెల్లాన్ని ఈజిప్టు పేరుతో మిస్రీ అని పిలుస్తారు. పేరు పెట్టేది పండించినవాడు కాదు, చివరగా అమ్మినవాడు.

ముక్కలైనా వేరు వదలని మాట

నాకు అన్నిటికన్నా ప్రియమైన మాట జింజర్. తమిళ, మలయాళాల్లో అల్లాన్ని ఇంజి అంటారు. వేర్ అంటే వేరు, మనం అనే వేరే. ఇంజివేర్ అంటే అల్లం వేరు. ఆ మాట ఉత్తరానికి వెళ్ళి పాళీలో సింగివేరం, సంస్కృతంలో శృంగవేరం అయింది. సంస్కృతం చదివినవాళ్ళకి అందులో శృంగం వినిపించింది. అల్లం కొమ్ము చేతిలోకి తీసుకుని చూడండి, పాయలుగా చీలి దుప్పి కొమ్ములాగే ఉంటుంది. కాబట్టి కొమ్ములాంటి ఒళ్ళున్నది అని అర్థం చెప్పారు. అర్థం తప్పు, పోలిక మాత్రం ఎంత చక్కగా కుదిరిందో! మనం కూడా అల్లం కొమ్ము అనే అంటాం కదా.

గ్రీకులు జింగిబెరిస్ అన్నారు, రోమన్లు జింగిబెరి అన్నారు, పాత ఇంగ్లీషులో వెయ్యేళ్ళ కిందట జింజిఫెర్ అయింది, అరిగి జింజర్ అయింది. శాస్త్రీయ నామం ఇప్పటికీ జింజిబర్ అఫిసినాలే. ఆ జింజిబర్‌లో చివరి 'బర్' ఏమిటి? వేర్. జింజర్ చివర మిగిలిన ఆ చిన్న 'అర్' కూడా అరిగిపోయిన వేరు తునకే. రెండువేల ఏళ్ళకి పైగా ఎన్ని నోళ్ళలో నలిగినా, మన భాషలవాళ్ళు రోజూ అనే ఒక మాట అందులో తుంపులా మిగిలి ఉంది. లండన్ బేకరీలో జింజర్ బిస్కెట్ అడిగేవాడు తనకు తెలియకుండానే వేరు అంటున్నాడు.

మిరియాలది దీనికి తలకిందుల కథ. అక్కడ మాట నిలిచింది, వస్తువు మారింది. పెప్పర్‌కి మూలం పిప్పలి. మనం దగ్గుకి తేనెలో రంగరించే పిప్పళ్ళు, పొడుగ్గా ఉండేవి. గ్రీకులో పెపెరి, లాటిన్‌లో పైపర్ అయ్యేసరికి ఆ పేరు నల్లమిరియాలకి దక్కింది. రోముని ముట్టడించిన అలారిక్ 408లో వదిలిపెట్టడానికి అడిగిన కప్పంలో బంగారం, వెండి, పట్టుతోపాటు 3,000 పౌన్ల మిరియాలున్నాయి. తర్వాత కొలంబస్‌వాళ్ళు అమెరికాలో మిరపకాయ చూసి, కారంగా ఉంది కాబట్టి అదీ పెప్పరే అన్నారు. మూడు వేర్వేరు మొక్కలు, పేరొకటే. మనం ఆ పని చెయ్యలేదనుకుంటే పొరపాటు. పోర్చుగీసు ఓడల్లో మిరపకాయ మన తీరానికి వచ్చినప్పుడు, అంతవరకూ తెలిసిన కారం మిరియమే కాబట్టి ఆ మాటనే సాగదీసి కొత్తకాయకి పెట్టుకున్నాం.

ఒకే అక్షరాలు, రెండు పుట్టుకలు

క్యాష్ ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే మన కాసునుంచి అని చాలామంది ఠక్కున చెబుతారు. అది సగమే నిజం. ఇంగ్లీషులో క్యాష్‌లు రెండు. బ్యాంకులో కట్టే క్యాష్ లాటిన్ కాప్సా, అంటే పెట్టె, నుంచి ఇటలీ, ఫ్రెంచి దారిన వచ్చింది. డబ్బు దాచే పెట్టె పేరే డబ్బుకి వచ్చింది. రెండో క్యాష్ ఒక చిన్న రాగినాణెం. అది కాసు. పోర్చుగీసువాళ్ళు దాన్ని కైషా అన్నారు, ఇంగ్లీషువాళ్ళు క్యాష్ అన్నారు. మద్రాసులో 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక పగోడా. 1808లో ఇంగ్లాండులో ముద్రించిన 10, 20 క్యాష్ నాణేలు మద్రాసు రావలసినవి టన్నులకొద్దీ అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడతో పాటు 1809 జనవరిలో ఇంగ్లీషు తీరానికి దగ్గర్లో గుడ్విన్ ఇసుకదిబ్బల మీద మునిగిపోయాయి. తర్వాత బయటికి తీసినవాటి మీద ఎక్స్ ఎక్స్ క్యాష్ అన్న అక్షరాలు చక్కగా కనిపిస్తాయి.

మధ్యలో చతురస్రపు చిల్లు ఉండే చైనా నాణేలని కూడా నాణేలు సేకరించేవాళ్ళు క్యాష్ అనే అంటారు. అదీ మన దక్షిణాది కాసే. మనదగ్గర మాత్రం కాసు చెలామణీలోంచి తప్పుకుని మెడలోకి చేరింది. మా పిన్ని కాసులపేరు తీసి ఒక్కో బిళ్ళా లెక్కపెడుతుంటే, గుడ్విన్ దిబ్బల అడుగున ఇసుకలో కూరుకుపోయిన ఆ రాగికాసులు నా కళ్ళముందు మెదులుతాయి. ఆ రోజుల ఇంగ్లీషు లెక్కల్లో 'డబ్' అనే నాణెమూ ఉండేది, అది మన డబ్బు. 'డూడీ' అనేది దుడ్డు. ఈ రెండూ ఇంగ్లీషులో ఇప్పుడు చచ్చిపోయిన మాటలు. మన దగ్గర నిక్షేపంగా ఉన్నాయి.

కొండ పేరు కోట్లకు పడగెత్తింది

గొల్లవాళ్ళ కొండ కాబట్టి గొల్లకొండ, గోల్కొండ. అదే మాట ఇంగ్లీషు నిఘంటువులో మామూలు నామవాచకంగా ఉంది, 'తరగని సంపదకి నిధి' అనే అర్థంలో. అమెరికాలో ఇలినాయ్, నెవాడా రాష్ట్రాల్లో గోల్కొండ అనే ఊళ్ళున్నాయి. మేకల మంద కాసుకున్న మనిషి పేరు ఇంత ఐశ్వర్యానికి గుర్తు కావడం ఏ భాషలోనైనా అరుదు.

కానీ గోల్కొండ కోటలో గని లేదు. అది బేరం జరిగిన చోటు. వజ్రాలు దొరికింది కృష్ణ ఒడ్డున, ఇప్పటి పల్నాడు జిల్లాలోని కొల్లూరు వంటి చోట్ల. 17వ శతాబ్దంలో అక్కడికి వెళ్ళిన ఫ్రెంచి రత్నవ్యాపారి టావెర్నియే, కోటనుంచి ఏడు రోజుల ప్రయాణమని, అరవై వేలమంది దాకా పనిచేస్తున్నారని రాసుకున్నాడు. కోహినూరు అక్కడిదేనని ఎక్కువమంది నమ్మిక. 1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా లోకానికి వజ్రమంటే ఇండియాయే. తవ్విన ఊరు ఇవాళ పులిచింతల జలాశయం కింద ఉంది. పేరు మాత్రం అమ్మిన ఊరికి దక్కింది, పంచదార విషయంలో జరిగినట్టే. బెల్జియం చిత్రకారుడు రెనె మాగ్రిట్ 1953లో, నల్లటోపీల మనుషులు వానచినుకుల్లా ఆకాశంలో నిలబడ్డ ప్రఖ్యాత చిత్రం గీశాడు. దాని పేరు గోల్కొండ. అది అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో మెనిల్ సంగ్రహాలయంలో ఉంది. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు, తీరిక చేసుకుని ఒకసారి చూసి రావచ్చు.

రాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. వజ్రం తర్వాత అంత గట్టి సహజ ఖనిజాల్లో కొరండమ్ ఒకటి, గట్టిదనం కొలిచే మోస్ కొలబద్ద మీద 9. కెంపులూ నీలాలూ ఆ జాతివే. ఆ పేరు తమిళ కురుందంనుంచి వచ్చింది, మన కురువిందానికి తోబుట్టువు.

తెగని తగవులు

రైస్ మన వరినుంచి వచ్చిందా? గ్రీకు ఒరూజా, లాటిన్ ఒరైజా, ఇటలీ రీసో, ఫ్రెంచి రి, ఇంగ్లీషు రైస్. ఈ దారి ఖాయం. గ్రీకులకి ఇచ్చింది పాత ఇరానీ భాషలు. వాటి పక్కన సంస్కృత వ్రీహి ఉంది. వ్రీహి వెనక ద్రావిడ మాట ఉందా, మన వరి దాని చుట్టమా అన్నచోట పండితులు రెండుగా చీలిపోయారు. నాకు మనసులో ఎటు మొగ్గుందో చెప్పక్కర్లేదు. అయినా మొగ్గు వేరు, రుజువు వేరు.

మస్లిన్ విషయంలో మాత్రం మనవాళ్ళు తొందరపడతారు. ప్రాచీన గ్రీకు రచనల్లో కృష్ణా తీరానికి మసాలియా, మైసోలియా అనే పేర్లున్నాయి. మచిలీపట్నం దగ్గరే ఉంది, బట్టలకి పేరుపడ్డది. కాబట్టి మస్లిన్ మనదే అంటారు. నిఘంటువులు ఇరాక్‌లోని మోసుల్ నగరాన్ని చూపిస్తాయి, ఇటలీ, ఫ్రెంచి రూపాలు దానికే సరిపోతాయి. మనకి లేనిదాన్ని మనదనడం కన్నా, మనదే అయి మనం మర్చిపోయినదాన్ని వెతుక్కోవడం మేలు. అలాంటిది ఒకటి కింద చెబుతాను. దానికి ముందు ఒక పుస్తకం.

వింతైన పేరున్న నిఘంటువు

ఇండియానుంచి ఇంగ్లీషులో చేరిన మాటలన్నిటినీ పోగుచేసిన మహాగ్రంథం 1886లో వచ్చింది. కూర్చినవాళ్ళు హెన్రీ యూల్, ఏ.సి.బర్నెల్. బర్నెల్ మద్రాసు రాజధానిలో జడ్జి, దక్షిణాది భాషలూ లిపులూ ఎరిగినవాడు. పుస్తకం చూడకుండానే 1882లో పోయాడు. దాని పేరు హాబ్సన్-జాబ్సన్. హాబ్సన్ ఎవరు, జాబ్సన్ ఎవరు? ఎవరూ లేరు. మొహర్రంనాడు గుండెలు బాదుకుంటూ 'యా హసన్, యా హుసేన్' అని ఏడ్చే ఏడుపు ఇంగ్లీషు సిపాయిల చెవికి అలా వినిపించింది. పరాయి మాటని తన సొంత పేర్లలోకి వంచుకునే ఈ తీరుకి భాషాశాస్త్రంలో 'హాబ్సన్-జాబ్సన్ సూత్రం' అన్న పేరే పడింది. పందికొక్కు నుంచి శృంగవేరం దాకా పైన మనం చూసినవాటిలో చాలా ఆ సూత్రానికి ఉదాహరణలే. అన్నిటికన్నా ఎక్కువగా మనసు నొప్పించేది మాత్రం ఆ శీర్షికే. ఒకరి శోకం వినేవాడికి రెండు ఇంటిపేర్లయింది.

ఊరు మర్చిపోయిన బట్ట

ఆ పుస్తకంలో మ అక్షరం దగ్గర నాకు మా ఊరి పక్క ఊరు దొరికింది. మడపొల్లం అనే నూలుబట్ట. తెల్లగా, మెత్తగా, పలచగా, సాదానేతలో ఉంటుంది. పేరు ఎక్కడిదంటే గోదావరి ఒడ్డున నరసాపురం పక్కనున్న మాధవాయపాలెం. అక్కడ 17వ శతాబ్దంలోనే ఇంగ్లీషు కంపెనీ కొఠీ ఉండేది. గోదావరి డెల్టాలో కంపెనీకి ఉన్న మూడు వ్యాపార కేంద్రాల్లో పెద్దది ఇదే, మిగతా రెండూ బండమూర్లంక, ఇంజరం. 1833 దాకా నడిచింది. చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన బట్టని ఇక్కడ మూటలు కట్టి ఓడలెక్కించారు. మూట మీద ఊరి పేరే బట్ట పేరయింది. ఫ్రెంచివాళ్ళు మదపొలాం అన్నారు, స్పెయిన్‌వాళ్ళు మదపొలాన్ అన్నారు, రష్యన్లు మదపొలామ్ అన్నారు. మూడు భాషల నిఘంటువుల్లోనూ ఆ మాట ఉంది. తర్వాత ఇంగ్లాండు మిల్లులే అలాంటి బట్ట నేసి ఆ పేరుతోనే అమ్మాయి.

మాధవాయపాలెం అంటే నాకు రేవు. అవతల ఒడ్డు సఖినేటిపల్లి. చిన్నప్పుడు పెళ్ళిళ్ళకి పోవాలంటే అక్కడ పంటు ఎక్కాలి. సైకిళ్ళు, కొబ్బరిగెలలు, మేకలు, మనుషులు అన్నీ ఒకే పలక మీద. పంటు కదిలేటప్పుడు తాడు విప్పిన కుర్రాడు ఒడ్డునుంచి ఒక్క గెంతు గెంతి ఎక్కేవాడు, మేమందరం ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఆ రేవు పేరు మాస్కో దుకాణాల బట్టల పట్టీలో ఉండేదని అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు నరసాపురం బజారులో ఒక పాత బట్టలకొట్టు ఎక్కాను. గాజు బీరువాల వెనక పెద్దాయన కూర్చుని ఉన్నారు. "మడపొల్లం బట్ట ఉందాండీ?" అని అడిగాను.

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని కాసేపు ఆలోచించారు. "ఆ కంపెనీ సరుకు మా దగ్గరకి రాదండీ. ఎలాంటిది కావాలి?"

"తెల్లగా, మెత్తగా, సాదానేత."

ఆయన పై అరలోంచి ఒక తాను దించి, బల్ల మీద చటుక్కున పరిచి, అంచు నా చేతికిచ్చారు. చల్లగా, మెత్తగా, అరచేతి గీతలు కనిపించేంత పలచగా ఉంది.

"ఇదేనాండీ?" అన్నారు. "ఎన్ని మీటర్లు చింపమంటారు?"